ఆప్టికల్ ఇంజెక్షన్: పాజిటివ్ డీట్యూనింగ్ వైపు లాకింగ్ నిలవకపోవడం పరికరంలోని లోపమా?

ప్రశ్న

సెమీకండక్టర్ లేజర్‌లోకి మరో లేజర్ కాంతిని పంపి దాని ప్రవర్తనను పరిశీలిస్తున్నాను. స్లేవ్‌గా, అంటే కాంతిని అందుకునే లేజర్‌గా, 1550 నానోమీటర్ల దగ్గర పనిచేసే డీఎఫ్‌బీ (ఒకే తరంగదైర్ఘ్యంలో వెలిగే డిస్ట్రిబ్యూటెడ్ ఫీడ్‌బ్యాక్) లేజర్‌ను తీసుకున్నాను. దాని ప్యాకేజీలో ఐసొలేటర్ (కాంతిని ఒకే దిశలో పోనిచ్చే పరికరం) లేదు. మాస్టర్‌గా, అంటే కాంతిని పంపే లేజర్‌గా, లైన్‌విడ్త్ (కాంతి గీత పౌనఃపున్యపు వెడల్పు) బాగా తక్కువగా ఉన్న ట్యూనబుల్ లేజర్ ఉంది. మాస్టర్ కాంతి అటెన్యుయేటర్, పోలరైజేషన్ కంట్రోలర్ దాటి, సర్క్యులేటర్ గుండా స్లేవ్‌లోకి వెళ్తుంది. స్లేవ్ నుంచి వచ్చిన కాంతిలో సగం ఆప్టికల్ స్పెక్ట్రమ్ అనలైజర్‌కూ, మిగతా సగం వేగవంతమైన ఫోటోడయోడ్ ద్వారా ఆర్‌ఎఫ్ స్పెక్ట్రమ్ అనలైజర్‌కూ చేరుతుంది. ఇంజెక్షన్ లేనప్పుడు స్లేవ్ రిలాక్సేషన్ డోలన పౌనఃపున్యం సుమారు 6 గిగాహెర్ట్జ్.

మాస్టర్ పౌనఃపున్యాన్ని స్లేవ్ పౌనఃపున్యం కంటే కొన్ని గిగాహెర్ట్జ్ తక్కువగా పెట్టినప్పుడు రెండు గీతలూ ఒకటైపోయి, లాకింగ్ (స్లేవ్ మాస్టర్ పౌనఃపున్యాన్నే పట్టుకోవడం) చక్కగా నిలుస్తోంది. అంతే దూరం పైవైపుకు జరిపితే మాత్రం మాస్టర్ గీతకు రెండు పక్కలా సమాన దూరాల్లో కొత్త గీతలు పుట్టుకొస్తున్నాయి. ఆర్‌ఎఫ్ అనలైజర్‌లో 18 గిగాహెర్ట్జ్ దగ్గర బలమైన శిఖరం ఒకటి కనిపిస్తోంది. ఇది 6 గిగాహెర్ట్జ్ రిలాక్సేషన్ డోలనం కాదు, నేను పెట్టిన డీట్యూనింగ్‌తోనూ (మాస్టర్, స్లేవ్ పౌనఃపున్యాల తేడా; మాస్టర్ పైన ఉంటే పాజిటివ్) సరిపోలడం లేదు. ఆడ్లర్ సమీకరణం ప్రకారం లాకింగ్ పరిధి రెండు వైపులా ఒకేలా ఉండాలి కదా. ఏదో ఒక కనెక్టర్ దగ్గర కాంతి వెనక్కి పరావర్తనం చెందుతోందని అనుమానంగా ఉంది. ఇది నా అమరికలోని లోపమా, లేక లేజర్ స్వభావమే ఇదా? స్వభావమే అయితే, ఈ డోలనాన్ని వదిలించుకోవడమే మార్గమా, దీనితో ఏదైనా పని చేయించుకోవచ్చా?

మొదటి జవాబు

మీరు వర్ణించినది లోపమయ్యే అవకాశం చాలా తక్కువ. ఆప్టికల్ ఇంజెక్షన్‌కు లోనైన సెమీకండక్టర్ లేజర్ అచ్చంగా ఇలాగే ప్రవర్తిస్తుంది. మీరు చూస్తున్నది పీరియడ్-వన్ డోలనం, అంటే లేజర్ వెలుగు ఒకే ఆవర్తనంతో ఆగకుండా ఊగడం, అని నా అభిప్రాయం. దీన్ని నిర్ధారించుకునే పద్ధతి చివర్లో చెబుతాను. ముందుగా రెండు వైపులూ ఎందుకు ఒకేలా ఉండవో చూద్దాం, ఎందుకంటే మిగతాదంతా దాని నుంచే వస్తుంది.

రాబర్ట్ ఆడ్లర్ 1946లో తన సమీకరణాన్ని రాసింది విద్యుత్ డోలకాల కోసం. అందులో బయటి సంకేతం డోలకం దశను మాత్రమే లాగుతుంది. డోలన పరిమాణం మారినంత మాత్రాన దాని సహజ పౌనఃపున్యం మారదు. సెమీకండక్టర్ లేజర్‌లో సరిగ్గా ఈ ఊహే చెల్లదు. ఇక్కడ గెయిన్‌ను (కాంతి పెంపును) ఇచ్చే క్యారియర్లే (ఎలక్ట్రాన్లు, రంధ్రాలు) పదార్థపు వక్రీభవన గుణకాన్ని కూడా నిర్ణయిస్తాయి. క్యారియర్ల సాంద్రత మారితే గెయిన్‌తో పాటు క్యావిటీ (లేజర్ లోపల కాంతి అటూ ఇటూ తిరిగే చోటు) అనునాద పౌనఃపున్యం కూడా కదులుతుంది. ఈ రెండు మార్పుల నిష్పత్తినే లైన్‌విడ్త్ ఎన్‌హాన్స్‌మెంట్ ఫ్యాక్టర్ అంటారు, ఆల్ఫా అనే గుర్తుతో రాస్తారు. సెమీకండక్టర్ లేజర్ల లైన్‌విడ్త్ అప్పటి సిద్ధాంతం చెప్పినదాని కంటే ఎందుకంత ఎక్కువగా ఉందో చార్లెస్ హెన్రీ 1982లో వివరించింది ఈ ఆల్ఫాతోనే: లైన్‌విడ్త్ ఒకటి కూడిక ఆల్ఫా వర్గం రెట్లు పెరుగుతుంది. మామూలు డయోడ్ లేజర్లలో ఆల్ఫా విలువ 2 నుంచి 6 వరకు ఉండటం సాధారణం.

ఇప్పుడు బయటి కాంతిని లోపలికి పంపారనుకోండి. క్యావిటీలోని నష్టాలను పూడ్చే పనిలో కొంత భాగాన్ని ఆ కాంతే పంచుకుంటుంది కాబట్టి, లేజర్‌కు అంతకు ముందున్నంత గెయిన్ అవసరం ఉండదు. క్యారియర్ల సాంద్రత తగ్గుతుంది. వక్రీభవన గుణకం పెరుగుతుంది. క్యావిటీ అనునాదం తక్కువ పౌనఃపున్యం వైపు, అంటే ఎరుపు వైపు జరుగుతుంది. మాస్టర్ కింది వైపున ఉంటే క్యావిటీ తనంతట తానే దాని దగ్గరకు వస్తుంది, పై వైపున ఉంటే దాని నుంచి దూరం జరుగుతుంది. మీ స్లేవ్ కింది వైపున సులభంగా లాక్ కావడానికీ, పై వైపున మొరాయించడానికీ మూలకారణం ఇదే.

పరిమాణాలు ఎలా ఉంటాయో ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. క్యావిటీ పొడవు 300 మైక్రోమీటర్లు, వక్రీభవన గుణకం 3.5 అనుకుంటే కాంతి ఒకసారి వెళ్లి రావడానికి 7 పికోసెకన్లు పడుతుంది. క్యావిటీ లోపలికి నిజంగా చేరిన ఇంజెక్షన్ శక్తి స్లేవ్ శక్తిలో వెయ్యోవంతు అనుకుంటే, పరిమాణాల నిష్పత్తి సుమారు 0.032. ఈ నిష్పత్తిని 7 పికోసెకన్లతోనూ, రెండు పైలతోనూ భాగిస్తే 0.7 గిగాహెర్ట్జ్ వస్తుంది. స్థిర పరిష్కారాల లెక్క ప్రకారం పాజిటివ్ వైపు హద్దు ఇదే. నెగటివ్ వైపు హద్దును మాత్రం, ఒకటి కూడిక ఆల్ఫా వర్గానికి వర్గమూలం కట్టి, దానితో గుణించాలి. ఆల్ఫా 3 అయితే అది సుమారు 2.3 గిగాహెర్ట్జ్ అవుతుంది. ఒకే ఇంజెక్షన్‌కు ఒక వైపు పరిధి మరో వైపు కంటే మూడు రెట్లకు పైగా ఉందన్నమాట.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే పాజిటివ్ వైపు పరిధి ఇరుకుగా ఉంటుందని చెప్పి సరిపెట్టుకోవచ్చు. కానీ పరిష్కారం ఉండటం వేరు, అది స్థిరంగా నిలవడం వేరు. ఫోటాన్లు క్యావిటీలో కొద్ది పికోసెకన్లే ఉంటాయి. క్యారియర్ల జీవితకాలం మాత్రం నానోసెకను స్థాయిలో ఉంటుంది. కాంతి మారినంత వేగంగా క్యారియర్లు మారలేవు కాబట్టి, రెండింటి మధ్య శక్తి అటూ ఇటూ ఊగుతుంది. మీరు కొలిచిన 6 గిగాహెర్ట్జ్ రిలాక్సేషన్ డోలనం అదే. ఇంజెక్షన్ లేనప్పుడు ఈ ఊగిసలాట త్వరగానే అణిగిపోతుంది. ఇంజెక్షన్ ఉన్నప్పుడు కొన్ని పరిస్థితుల్లో అణగకుండా తనను తాను నిలబెట్టుకుంటుంది. లాకింగ్ అలా స్థిరత్వాన్ని కోల్పోయే హద్దును హోఫ్ బైఫర్కేషన్ అంటారు. నెగటివ్ వైపు హద్దు వేరే రకానికి చెందినది. అక్కడ లాకింగ్ పరిష్కారమే అదృశ్యమవుతుంది, దాన్ని సాడిల్-నోడ్ బైఫర్కేషన్ అంటారు. స్థిర పరిధిలో కొంత భాగం డైనమిక్ అస్థిరత వల్ల పనికిరాకుండా పోతుందని ఆర్. లాంగ్ 1982లోనే లెక్కతో చూపించారు.

హోఫ్ హద్దు దాటగానే పీరియడ్-వన్ డోలనం మొదలవుతుంది. అప్పుడు లేజర్ వెలుగులో ముఖ్యంగా రెండు గీతలుంటాయి: ఒకటి మాస్టర్ పౌనఃపున్యం దగ్గర తిరిగి పుట్టిన గీత, రెండవది ఎరుపు వైపు జరిగిన క్యావిటీ అనునాదం దగ్గరి గీత. మిగతా చిన్న గీతలు ఈ రెండూ కలిసి పుట్టించేవి. స్థూలంగా, మీ ఆర్‌ఎఫ్ శిఖరం డీట్యూనింగ్‌కు క్యావిటీ జరిగిన దూరాన్ని కలిపినంత ఉంటుంది. 18 గిగాహెర్ట్జ్ మీ డీట్యూనింగ్‌తోనూ, 6 గిగాహెర్ట్జ్‌తోనూ సరిపోలకపోవడానికి కారణం ఇదే.

ఇక నిర్ధారణ. డీట్యూనింగ్‌ను కదపకుండా అటెన్యుయేటర్‌ను మాత్రమే మెల్లగా వదులు చేస్తూ పోండి. పీరియడ్-వన్ అయితే ఇంజెక్షన్ పెరిగే కొద్దీ క్యావిటీ ఇంకా ఎరుపు వైపు జరుగుతుంది, శిఖరం పై పౌనఃపున్యానికి కదులుతుంది. కనెక్టర్ నుంచి వచ్చే పరావర్తనం వల్ల పుట్టిన అలజడి ఇలా ఉండదు. దానికి ఫైబర్ పొడవు నిర్ణయించే అంతరాల్లో శిఖరాల దువ్వెన కనిపిస్తుంది. పరావర్తనం 1 మీటరు దూరం నుంచి వస్తుంటే ఆ అంతరం సుమారు 100 మెగాహెర్ట్జ్, మీరు ఇంజెక్షన్‌ను ఎంత మార్చినా అది మారదు. మాస్టర్‌ను పూర్తిగా ఆపేసినా ఆ దువ్వెన మిగిలి ఉంటే అప్పుడు కనెక్టర్లను అనుమానించండి.

రెండవ జవాబు

పై జవాబుకు ఒక ఆచరణాత్మక హెచ్చరిక చేర్చాలి. ‘రెండు గీతలూ ఒకటైపోయాయి’ అని మీరు రాశారు. మీ ఆప్టికల్ స్పెక్ట్రమ్ అనలైజర్ విభేదన శక్తి 0.02 నానోమీటర్లు అనుకుంటే 1550 నానోమీటర్ల దగ్గర అది 2.5 గిగాహెర్ట్జ్‌కు సమానం. అంతకంటే దగ్గరగా ఉన్న రెండు గీతలు దానికి ఒక్కటిగానే కనిపిస్తాయి. కాబట్టి ఒకే గీత కనిపించినంత మాత్రాన లాకింగ్ జరిగినట్లు కాదు. ఫోటోడయోడ్ సంకేతంలో మాస్టర్, స్లేవ్‌ల మధ్య బీట్ పూర్తిగా మాయమైందా లేదా అన్నదే నమ్మదగిన గుర్తు.

పరమాణువులను లేజర్‌తో చల్లబరిచే ప్రయోగశాలల్లో ఇంజెక్షన్ లాకింగ్ నిత్యం వాడే పనిముట్టు. నా అనుభవం అక్కడిదే. రుబీడియం కోసం 780 నానోమీటర్ల కాంతి కావాలి, అది లైన్‌విడ్త్ తక్కువగానూ ఉండాలి, శక్తి ఎక్కువగానూ ఉండాలి. ఎక్స్‌టర్నల్ క్యావిటీ డయోడ్ లేజర్‌ను మాస్టర్‌గా పెట్టి, దాని నుంచి చిన్న భాగాన్ని ఐసొలేటర్ పక్క పోర్టు గుండా శక్తివంతమైన స్లేవ్ డయోడ్‌లోకి పంపుతాం. మాకు డైనమిక్స్‌తో పని లేదు, లాకింగ్ రోజంతా నిలిస్తే చాలు. అందుకే స్లేవ్ కరెంటును ఎప్పుడూ లాకింగ్ పరిధి మధ్యకు తెచ్చి వదిలేస్తాం. స్కానింగ్ ఫాబ్రీ-పెరో క్యావిటీలో స్లేవ్ శిఖరాలను చూస్తూ కరెంటును మెల్లగా జరిపితే, లాక్ అయిన చోట శిఖరం కదలడం మానేస్తుంది, ఎత్తు పెరుగుతుంది; ఇంకా జరిపితే చటుక్కున విరిగిపోతుంది. ఈ పరిధి అంచులు కరెంటును పైనుంచి కిందికి తెచ్చినప్పుడూ, కిందినుంచి పైకి తీసుకెళ్లినప్పుడూ ఒకే చోట ఉండకపోవచ్చు. కాబట్టి అంచులను కొలిచేటప్పుడు ఏ దిశలో జరిపారో తప్పకుండా రాసిపెట్టుకోండి.

ఉష్ణోగ్రతను కూడా తేలిగ్గా తీసుకోకండి. 1550 నానోమీటర్ల డీఎఫ్‌బీ లేజర్ తరంగదైర్ఘ్యం డిగ్రీకి సుమారు 0.1 నానోమీటరు మారుతుంది, అంటే 12 గిగాహెర్ట్జ్‌కు పైనే. నూరోవంతు డిగ్రీ కదిలితే డీట్యూనింగ్ వంద మెగాహెర్ట్జ్‌కు పైగా కదులుతుంది. ఈ ప్రయోగంలో డీట్యూనింగ్ మీరు పెట్టిన సంఖ్య కాదు, ఆ క్షణంలో రెండు లేజర్ల మధ్య ఉన్న అసలు తేడా.

ప్రశ్న వేసినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. అటెన్యుయేటర్ పరీక్ష చేశాను. డీట్యూనింగ్‌ను అలాగే ఉంచి ఇంజెక్షన్ పెంచితే శిఖరం 18 నుంచి 25 గిగాహెర్ట్జ్ దాటేదాకా ఎక్కడా తెగకుండా పైకి జరిగింది. మాస్టర్‌ను ఆపితే పూర్తిగా పోయింది. ఇంజెక్షన్ బాగా తగ్గించినప్పుడు మాత్రం ఒకచోట ప్రధాన శిఖరానికి సగం పౌనఃపున్యం దగ్గర మరో శిఖరం వచ్చింది, ఆ తర్వాత కొద్ది మేర స్పెక్ట్రమ్ అంతా పరుచుకుపోయింది. శిఖరం లైన్‌విడ్త్ కొన్ని మెగాహెర్ట్జ్ ఉంది. ఇంత వెడల్పున్న మైక్రోవేవ్ సంకేతం ఎవరికైనా పనికొస్తుందా అన్నది నా తదుపరి సందేహం.

మూడవ జవాబు

సగం పౌనఃపున్యం దగ్గర వచ్చిన శిఖరం పీరియడ్ రెట్టింపు కావడానికి గుర్తు, ఆ తర్వాత పరుచుకున్నది కేయాస్ (క్రమం లేని అల్లకల్లోల డోలనం) అయి ఉండాలి. అంటే ఒక్క అటెన్యుయేటర్‌ను తిప్పి మీరు ఈ రంగంలోని ముఖ్యమైన స్థితులన్నింటినీ చూసేశారు. ఉపయోగాలు ఏ స్థితిలో ఉన్నామన్నదాన్ని బట్టి వేర్వేరుగా ఉంటాయి. అందరూ స్థిరమైన లాకింగ్‌నే ఉపయోగంగా చెబుతారు గానీ, నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించేది మీరు లోపమని అనుమానించిన పీరియడ్-వన్ డోలనమే.

ఎలాంటి మైక్రోవేవ్ మూలమూ లేకుండా, రెండు డీసీ కరెంట్లతో నడిచే రెండు లేజర్లతో, పదుల గిగాహెర్ట్జ్ పరిధిలో నచ్చిన పౌనఃపున్యాన్ని కాంతి మీద ఎక్కించుకోగలగడం దీని బలం. స్లేవ్ ఎలక్ట్రానిక్స్ ఎంత నెమ్మదిదైనా ఫర్వాలేదు, ఎందుకంటే డోలనం లేజర్ లోపలే పుడుతోంది. రేడియో సంకేతాలను ఫైబర్ మీద పంపేవారికి మరో లాభం ఉంది. మామూలు మాడ్యులేషన్‌లో మూల కాంతి తరంగానికి (ఆప్టికల్ క్యారియర్‌కు) రెండు పక్కలా సమానమైన సైడ్‌బ్యాండ్‌లు వస్తాయి. ఫైబర్ డిస్పర్షన్ (పౌనఃపున్యాన్ని బట్టి కాంతి వేగం మారడం) వల్ల వాటి దశలు వేర్వేరుగా మారి, అవతలి చివర ఫోటోడయోడ్ దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కిలోమీటరుకు, నానోమీటరుకు 17 పికోసెకన్ల డిస్పర్షన్ ఉన్న సాధారణ ఫైబర్‌లో 30 గిగాహెర్ట్జ్ సంకేతం సుమారు 4 కిలోమీటర్ల దగ్గరే పూర్తిగా సున్నా అవుతుంది. పీరియడ్-వన్ స్థితిలో, తగిన చోటును ఎంచుకుంటే, ఎరుపు వైపు గీత నీలం వైపు గీత కంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది. రద్దు చేయడానికి రెండో సైడ్‌బ్యాండ్ దాదాపు లేనట్లే కాబట్టి సంకేతం ఆ దూరాన్ని దాటి వెళ్లగలదు. మీ ఆప్టికల్ స్పెక్ట్రమ్‌లో రెండు పక్కల గీతల ఎత్తులను పోల్చి చూడండి. ఆ తేడా ఇంజెక్షన్‌తో ఎలా మారుతుందో రాసుకుంటే ఒక మంచి గ్రాఫ్ వస్తుంది.

లైన్‌విడ్త్ విషయంలో మీ సందేహం న్యాయమైనదే. లేజర్ లోపల స్వతస్సిద్ధంగా వెలువడే ఫోటాన్ల వల్ల పుట్టే రొద, దానికి తోడు డీట్యూనింగ్ నిలకడలేమి కలిసి శిఖరాన్ని మెగాహెర్ట్జ్ వెడల్పుకు పరుస్తాయి. దీనికి తెలిసిన మందులున్నాయి. ఫోటోడయోడ్ సంకేతంలో కొంత భాగాన్ని పెంచి, ఆలస్యం చేసి, స్లేవ్ కరెంటులోకో మాస్టర్ మాడ్యులేటర్‌లోకో తిరిగి పంపడం ఒకటి. బయటి నుంచి శుద్ధమైన మైక్రోవేవ్ సంకేతాన్ని, లేదా దాని ఉపగుణిజాన్ని, స్వల్పంగా అందించి డోలనాన్ని దానికి లాక్ చేయడం మరొకటి. ఇవేవీ లేకుండానే కొంత మెరుగుదల కావాలంటే, డీట్యూనింగ్ కొద్దిగా మారినా పీరియడ్-వన్ పౌనఃపున్యం మారని ఆపరేటింగ్ పాయింట్లు డీట్యూనింగ్, ఇంజెక్షన్ బలాల మ్యాప్‌లో ఉంటాయి, వాటిని వెతకండి. డీట్యూనింగ్‌ను జరుపుతూ శిఖరం స్థానాన్ని గీస్తే వక్రరేఖ ఎక్కడ కనిష్ఠానికి దిగి మళ్లీ లేస్తుందో అదే ఆ చోటు.

స్థిరమైన లాకింగ్‌లో ముఖ్యమైన లాభం మాడ్యులేషన్ వేగం. బలమైన ఇంజెక్షన్ కింద లాక్ అయిన లేజర్ అనునాద పౌనఃపున్యం దాని సొంత రిలాక్సేషన్ డోలనం కంటే ఎంతో పైకి వెళ్తుంది. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో 100 గిగాహెర్ట్జ్ దాటించి చూపారు. అయితే ఈ సంఖ్యను చూసి లేజర్ అంత వేగంతో సమాచారం పంపుతుందని అనుకోకూడదు. అనునాదం పైకి పోయే కొద్దీ దానికి కింది పౌనఃపున్యాల దగ్గర స్పందన కుంగిపోతుంది, డయోడ్ కెపాసిటెన్స్ వంటి విద్యుత్ పరిమితులు ఎలాగూ ఉంటాయి. ఉపయోగపడే బ్యాండ్‌విడ్త్ అనునాద పౌనఃపున్యం కంటే తక్కువే.

ఫ్రీక్వెన్సీ కోంబ్ (సమాన దూరాల్లో ఎన్నో గీతలున్న కాంతి) నుంచి ఒకే గీతను వేరు చేయడానికి కూడా ఇదే లాకింగ్‌ను వాడతారు. లాకింగ్ పరిధి గీతల మధ్య దూరం కంటే చిన్నదిగా ఉండేలా ఇంజెక్షన్‌ను తగ్గిస్తే, స్లేవ్ ఒక్క గీతనే పట్టుకుని దాన్ని పెంచుతుంది, పక్క గీతలను అణిచివేస్తుంది. క్వాంటమ్ కీ పంపిణీలో (కాంతితో రహస్య తాళాలను పంచుకునే పద్ధతిలో) స్లేవ్‌ను పల్సులుగా నడిపి, ప్రతి పల్సు దశనూ మాస్టర్‌తో నిర్ణయిస్తారు. ఈ రంగంలోనే దీని ప్రమాదకరమైన పక్షం కూడా ఉంది: దాడి చేసేవారు బయటి నుంచి పంపిన కాంతి పంపిణీదారు లేజర్‌ను ఇలాగే లోబరచుకోగలదు కాబట్టి, అక్కడ ఐసొలేషన్ భద్రతకు సంబంధించిన విషయం.

కేయాస్ గురించి ఒక్క మాట. గుప్త సమాచారానికీ, యాదృచ్ఛిక సంఖ్యలకూ ప్రసిద్ధి పొందిన ప్రయోగాల్లో చాలావరకు ఆప్టికల్ ఫీడ్‌బ్యాక్ (లేజర్ సొంత కాంతే అద్దం నుంచి దానిలోకి తిరిగి రావడం) నుంచి పుట్టిన కేయాస్‌ను వాడాయి. ఫీడ్‌బ్యాక్ కేయాస్‌లో అద్దం దూరానికి సంబంధించిన ఆలస్యం సంకేతం ఆటోకోరిలేషన్‌లో (సంకేతాన్ని ఆలస్యమైన తన ప్రతితోనే పోల్చే లెక్కలో) ముద్రలా మిగిలిపోతుంది, యాదృచ్ఛికతకు అది చేటు. ఇంజెక్షన్ కేయాస్‌లో ఆలస్యమే లేదు కాబట్టి ఆ ముద్ర ఉండదు. పైగా ఫీడ్‌బ్యాక్ కేయాస్‌లో ఉన్న లేజర్‌లోకి మరో లేజర్‌ను ఇంజెక్ట్ చేస్తే కేయాస్ బ్యాండ్‌విడ్త్ పెరుగుతుంది.

మొదటి జవాబు రాసినవారు

మ్యాప్ గీయబోయే ముందు మరో విషయం. నేనిచ్చిన రెండు హద్దుల నిష్పత్తి నుంచి ఆల్ఫాను లెక్కించాలని మీకు అనిపించవచ్చు. అది బలహీనమైన ఇంజెక్షన్‌లో మాత్రమే చెల్లుతుంది. ఇంజెక్షన్ పెరిగితే పై అంచు స్థానాన్ని హోఫ్ రేఖ ఆక్రమిస్తుంది. ఆ రేఖ ముందు నెగటివ్ డీట్యూనింగ్ వైపు దిగి, బలమైన ఇంజెక్షన్ దగ్గర మళ్లీ పాజిటివ్ వైపు లేస్తుంది. మీరు కొలిచిన పై అంచు స్థిర హద్దు కంటే లోపలే ఉంటుంది కాబట్టి, నిష్పత్తి నుంచి తీసిన ఆల్ఫా అసలు కంటే ఎక్కువగా వస్తుంది.

ఇంజెక్షన్ బలాన్ని అటెన్యుయేటర్ ముందున్న మిల్లీవాట్లలో రాయకండి. సర్క్యులేటర్ నష్టం, చిప్‌తో ఫైబర్ కలిసే చోట నష్టం, ధ్రువణం సరిపోలకపోవడం కలిసి ఆ సంఖ్యను పది రెట్లు తగ్గించినా ఆశ్చర్యం లేదు. ముందు ధ్రువణాన్ని సరిచేయండి: పీరియడ్-వన్ స్థితిలో ఉంచి, కంట్రోలర్‌ను తిప్పుతూ ఆర్‌ఎఫ్ శిఖరం ఎక్కడ అత్యధిక పౌనఃపున్యానికి చేరుతుందో అక్కడ ఆపండి. క్యావిటీలోకి అత్యధికంగా కాంతి చేరింది అక్కడే. ఆ తర్వాత కంట్రోలర్‌నూ, దాని ఫైబర్‌నూ కదపకుండా మ్యాప్ మొత్తం పూర్తి చేయండి, లేకపోతే మొదటి వరుసనూ చివరి వరుసనూ పోల్చడం కుదరదు.